ముత్యము: దాని పుట్టుక, విలువ, రైతు చెరువు

(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



వరి, చెరకు, పాడి పశువులను గూర్చి చెప్పుకొనే చోట ముత్యాల ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. కారణము ఉన్నది. చేపల చెరువులున్న రైతులు, పొలములో నీటి కుంట తవ్వించుకొన్న రైతులు, "చెరువులో ముత్యాలు పండించవచ్చునట, లక్షలు వస్తవట, నిజమేనా?" అని అడుగుతున్నారు. పండించవచ్చును, అది నిజమే. లక్షలు వచ్చునా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కావలెనంటే ముందు మూడు సంగతులు తెలిసికొనవలెను. ముత్యము అంటే ఏమిటి? దానికి అంత విలువ ఎందువలన వచ్చినది? ఆ విలువ ఒకప్పుడు ఎందువలన కూలిపోయినది? ఈ మూడు తెలిస్తే మీ చెరువు సంగతి మీరే తేల్చుకొనగలరు.

ఆల్చిప్ప లోపలి మెరుపు

మాగాయకు మామిడికాయల చెక్కు తీయడానికి వాడే ఆల్చిప్పను మీరందరూ ఎరుగుదురు. దానికి వెలుపల గరుకు, లోపల నునుపు. లోపలి వైపు ఎండలో తిప్పి చూచితే తెలుపులో గులాబి, ఆకుపచ్చ రంగులు లీలగా కదులుతవి. ఆ లోపలి పూతయే ముత్యము. చిప్పకు అతుక్కొని పలకగా ఉన్నంతకాలము దానికి విలువ లేదు. అదే పూత చిప్పను విడిచి, జీవి శరీరములో గుండ్రముగా పేరుకొన్నప్పుడు దానిని ముత్యము అంటాము.

చిప్పలోని జీవికి ఎముకలు లేవు. దాని మెత్తని దేహమును ప్రావారము అనే పలుచని పొర కప్పి ఉంటుంది. చిప్పను కట్టేది ఆ పొరయే. నీటిలో కరిగి ఉన్న సున్నపు అంశమును జీవి గ్రహించి, తన శరీరములో తయారైన ఒక విధమైన మాంసకృత్తుతో కలిపి, సన్నని పలకలుగా పేరుస్తుంది. ఒక్కొక్క పలక మందము మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు. మేస్త్రీ ఇటుక మీద ఇటుక పెట్టి నడుమ అడుసు పూసినట్లు, ఈ పలకల నడుమ మాంసకృత్తు పలుచగా ఉంటుంది. వెలుగు ఈ వేల పొరల గుండా పోయి తిరిగి వచ్చేటప్పుడు ఆ రంగులు పుడతవి. ముత్యములో రంగు పూసినది ఏమీ లేదు.

స్వాతి కార్తెలో పడిన చినుకు ముత్యపు చిప్ప నోటిలో చేరి ముత్యము అవుతుందని మన పెద్దలు చెప్పేవారు. మంచు బిందువు వలన ముత్యము పుట్టునని 1వ శతాబ్దములో రోము నగరపు ప్లినీ కూడ వ్రాసినాడు. ఇసుక రేణువు లోపల పడితే ముత్యము అవుతుందని నేటికీ పలువురు అంటారు. నిజానికి చిప్ప జీవి ఇసుకలోనే బ్రతుకుతుంది. లోపల పడిన రేణువును సాధారణముగా అది వెలుపలికి తోసివేయగలదు. ఎక్కువగా జరిగేది వేరు. ఏదో పరాన్నజీవి తొలిచినందువలననో, దెబ్బ తగిలినందువలననో ప్రావారపు పొరలోని కొన్ని కణములు ఊడి దేహములోపల చిక్కుకొంటవి. అక్కడ అవి చిన్న సంచివలె పెరుగుతవి. పూత పూయుట తప్ప వాటికి వేరు పని తెలియదు గనుక, ఆ సంచిలోనే పొర మీద పొర పూస్తూ పోతవి. కొన్ని సంవత్సరములకు అది ముత్యము అవుతుంది. అనగా ముత్యము చిప్ప గాయము నుండి పుట్టినది.

పదార్థము చూచితే ముత్యములో నూటికి 80 పాళ్లకు మించి సున్నపు పదార్థమే. గుల్లలను బట్టీలో కాల్చి మనము గుల్ల సున్నము తీస్తాము కదా! ముత్యమును అదే బట్టీలో వేసినా మిగిలేది సున్నమే. వజ్రమువలె ముత్యము గట్టిది కాదు, బంగారమువలె కరిగించి మరల పోత పోయుటకు వీలైనది కాదు. చింతపండు పులుసు, నిమ్మరసము, చెమట తగిలితే మెరుపు పోతుంది. ఇంత మెత్తని వస్తువుకు అంత ధర ఎక్కడిది?

అరుదుతనమే ధర

ధర వచ్చినది అరుదుతనము వలన. సముద్రములో వందల చిప్పలు తెరిచినా మంచి ముత్యము ఒక్కటి దొరకుట కష్టము. దొరికినవానిలో గుండ్రనివి తక్కువ. గుండ్రనివానిలో పెద్దవి మరీ తక్కువ. అట్టి దానినే మనవారు ఆణిముత్యము అన్నారు. ఒక దండకు ఒకే రంగు, ఒకే మెరుపు, ఒకే వరుస పరిమాణము గల ముత్యములను కూర్చుటకు వర్తకులు ఏండ్ల తరబడి వెదకేవారు.

అందుచేత వర్తకులు ముత్యమునకు ఒక ప్రత్యేకమైన లెక్క పెట్టినారు. ధాన్యమునకు బరువు రెట్టింపైతే ధర రెట్టింపు అవుతుంది. సహజ ముత్యమునకు అట్లు కాదు. బరువును బరువుతోనే హెచ్చించి, ఆ వచ్చిన దానిని మూల ధరతో హెచ్చించేవారు. దీనికి వాడిన తూకము గ్రెయిను, అనగా 50 మిల్లీగ్రాములు. మూల ధర 10 రూపాయలు అనుకొందాము. 2 గ్రెయినుల ముత్యము ధర 2×2×10, అనగా 40 రూపాయలు. 4 గ్రెయినుల ముత్యము 4×4×10, అనగా 160 రూపాయలు. బరువు రెట్టింపు, ధర నాలుగింతలు. ఈ లెక్కలో సున్నమునకు ధర కట్టలేదు, అరుదుతనమునకే కట్టినారు. ఈ మాట గుర్తుంచుకొనండి.

మన దేశమునకు ముత్యములు రెండు చోట్ల నుండి వచ్చేవి. ఒకటి దక్షిణాన మన్నారు సింధుశాఖ. పాండ్యుల రేవు కొర్కైలో ముత్యాల వేట సాగేదని, మరణశిక్ష పడిన ఖైదీల చేత ఆ పని చేయించేవారని 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథము పెరిప్లస్ చెప్పుచున్నది. తరువాతి కాలములో తూత్తుకుడి ఆ వేటకు కేంద్రమైనది. అక్కడ 1955 నుండి 1961 వరకు జరిగిన వేటల తరువాత చిప్పల పరుపులు తగ్గిపోయి ఆ పని నిలిచిపోయినది. రెండవది పారశీక సింధుశాఖ. బహ్రెయిను, కువైటు తీరములలో తీసిన ముత్యములు బస్రా రేవు పేర బొంబాయికి, అక్కడ నుండి హైదరాబాదుకు వచ్చేవి. బస్రా ముత్యము అన్న పేరు అందువలన వచ్చినది.

తెలుగునాట ముత్యమునకు గల గౌరవము మీకు చెప్పనక్కరలేదు. భద్రాచలములో సీతారాముల కల్యాణమునకు ప్రభుత్వము తరఫున పట్టు వస్త్రములతోపాటు ముత్యాల తలంబ్రాలు సమర్పించుట నేటికీ ఆచారము. తిరుమల బ్రహ్మోత్సవములలో ముత్యపు పందిరి వాహనము కలదు. నిజాము నవాబుల ఆభరణములలో బస్రా ముత్యముల ఏడు పేటల హారము ఒకటి. ఆ ఆభరణములలో 173 నగలను భారత ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది.

ముత్యము తెచ్చినవాని అప్పు

ఇంత ధర పలికిన ముత్యమును సముద్రము నుండి తెచ్చినవాడు ఏమి బాగుపడినాడు? పారశీక సింధుశాఖలో వేట వేసవిలో నాలుగు నెలలు సాగేది. మునిగేవాడు ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి తగిలించుకొని, ఊపిరి బిగబట్టి అడుగుకు పోయేవాడు. చేతికి అందినన్ని చిప్పలు బుట్టలో వేసుకొని త్రాడు కదిపితే పైనున్నవాడు లాగేవాడు. తెల్లవారి నుండి ప్రొద్దు గుంకేవరకు ఇదే పని.

వేటకు పోకముందు ఇంటి ఖర్చుకు నావ యజమాని వద్ద బయానా తీసుకొనేవాడు. వేట ముగిసి ముత్యములు అమ్ముడైన తరువాత వానికి వచ్చే వాటా ఆ బయానాకు చాలకపోతే మిగిలినది మరుసటి ఏటికి బాకీ. అట్లు పేరుకొన్న బాకీ తండ్రి పోతే కొడుకు మీద పడేది. లెక్క వ్రాసేవాడు యజమాని. మునిగేవానికి చదువు రాదు. 1920వ దశకములో బహ్రెయినులో సంస్కరణలు తెచ్చినప్పుడు చేసిన మొదటి పనులలో ఒకటి, ప్రతి మునిగేవానికి తన ఖాతా పుస్తకము ఇప్పించుట. తీర్చలేని అప్పు, ఎదుటివాని చేతిలో ఉన్న లెక్క ఎటువంటివో మన పల్లెలకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. సరుకు ఎంత విలువైనదైనా, దాని ధర, దాని లెక్క ఎదుటివాని చేతిలో ఉన్నంతకాలము కష్టపడినవానికి మిగిలేది తక్కువ.

విలువ కూలిన విధము

జపానులో తోబా అనే ఊరిలో సేమ్యా వంటి వంటకము అమ్ముకొనే ఇంటిలో 1858లో పుట్టినవాడు మికిమోతో కోకిచి. చిప్పలో మనమే బీజము పెడితే ముత్యము పుట్టదా అని ఆయన పట్టుపట్టినాడు. సముద్రములో ఎర్రనీరు వచ్చి చిప్పలు కుప్పలుగా చచ్చినా పని మానలేదు. 1893 జూలైలో చిప్పకు అతికి ఉన్న అర్ధగోళపు ముత్యములు ఆయనకు దొరికినవి. తరువాత నిషికావా, మిసే అనే మరి ఇద్దరు జపానీయుల పరిశోధన కూడ కలిసి, 1910 తరువాతి ఏండ్లలో గుండ్రని ముత్యములు పండించే పద్ధతి స్థిరపడినది. రహస్యము ఒక్కటే. గుండ్రని బీజముతోపాటు వేరొక చిప్ప ప్రావారపు ముక్కను చేర్చి దేహములో పెట్టవలెను. ప్రకృతిలో ప్రమాదవశమున జరిగే దానిని మనిషి చేతితో చేసినాడు.

ఇవి నకిలీవని 1920వ దశకములో పారిస్, లండన్ వర్తకులు గగ్గోలు పెట్టినారు. శాస్త్రజ్ఞులు పరీక్షించి, పూత అదే, జీవి అదే, తేడా నడుమ ఉన్న బీజములోనే అని తేల్చినారు. రెండింటిని నిశ్చయముగా వేరుపరచుటకు ఎక్స్-రే పరీక్ష కావలసి వచ్చినది.

ఆ పైన ధరలు ఏమైనవో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1917లో న్యూయార్కు నగరములో కార్టియర్ అనే నగల వర్తకుడు రెండు పేటల సహజ ముత్యాల హారమును ఇచ్చి, ఫిఫ్త్ ఎవెన్యూ వీధిలో ఒక భవనమునే తీసుకొన్నాడు. హారము విలువ పది లక్షల డాలర్లు. యజమానురాలు చనిపోయిన తరువాత 1957లో ఆ హారము వేలములో పలికినది సుమారు ఒకటిన్నర లక్ష డాలర్లు మాత్రమే. ముత్యములు పాడు కాలేదు. వాటి మెరుపు తగ్గలేదు. అరుదుతనము పోయినది, అంతే. 1929లో వచ్చిన ప్రపంచ ఆర్థిక మాంద్యము కూడ దెబ్బ మీద దెబ్బ అయినది. పారశీక సింధుశాఖలో ముత్యాల నావలు ఒడ్డెక్కినవి. బహ్రెయినులో 1932లో చమురు దొరకకపోతే ఆ జనము గతి ఏమయ్యేదో!

కథ అంతటితో ఆగలేదు. చైనా దేశము మంచినీటి చెరువులలో పెద్ద జాతి ఆల్చిప్పలను పెంచి, ఒక్కొక్క దానిలో బీజము లేకుండ ప్రావారపు ముక్కలే డజన్ల కొలది నాటి, ఒకే చిప్ప నుండి డజన్ల కొలది ముత్యములు తీయుచున్నది. ప్రపంచములోని మంచినీటి ముత్యములలో అత్యధిక భాగము అక్కడివే. నేడు హైదరాబాదు పత్తర్‌గట్టిలో అమ్మే ముత్యములలో ఎక్కువ భాగము చైనా నుండి వచ్చి, ఇక్కడ రంధ్రము వేసి, ఏరి, దండలుగా గుచ్చినవే. మీరు చెరువులో పండించే ముత్యము పోటీ పడవలసినది వీటితో. నిజాము హారములోని ముత్యముతో కాదు.

మన చెరువులలో సాగు

మన దేశములో సముద్రపు ముత్యమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1973లో తూత్తుకుడిలో పండించినది. మంచినీటి సాగు పద్ధతిని భువనేశ్వరము సమీపమున కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ రూపొందించినది. ఆ సంస్థ శిక్షణ కూడ ఇస్తుంది. పద్ధతి క్లుప్తముగా ఇది:

1. ఆరోగ్యముగా ఉన్న, 8 సెంటీమీటర్లకు మించిన పొడవు గల ఆల్చిప్పలను ఎంచవలెను. రెండు మూడు దినములు తొట్టిలో ఇరుకుగా ఉంచితే వాటి కండరము సడలి, చిప్ప తెరుచుట సులువవుతుంది.

2. శస్త్రము చేసి బీజము పెట్టవలెను. ఇందులో మూడు విధములున్నవి. చిప్పకు, ప్రావారమునకు నడుమ బీజము పెడితే అర్ధ ముత్యము గాని, దేవతా మూర్తుల వంటి బొమ్మ ముత్యము గాని వస్తుంది. ఇది సులువు. ప్రావారములో చిన్న ముక్క నాటితే సన్నని ముత్యములు వస్తవి. బీజకోశములో నాటితే గుండ్రని పెద్ద ముత్యము రావచ్చును గాని దానికి చేతి నేర్పు చాల కావలెను.

3. శస్త్రము చేసిన తరువాత సుమారు 10 దినములు తొట్టెలలో ఉంచి, మందు వేసి, ప్రతిదినము చూచి చచ్చినవానిని తీసివేయవలెను.

4. మిగిలిన వానిని నైలాను వల సంచులలో రెండేసి చొప్పున పెట్టి, వెదురు గడలకు కట్టి, చెరువులో ఒక మీటరు లోతున వ్రేలాడదీయవలెను. హెక్టారుకు 20,000 నుండి 30,000 వరకు పెంచవచ్చును.

5. 12 నుండి 18 మాసముల వరకు సాకవలెను. ఆల్చిప్ప నీటిలోని సన్నని పచ్చని నాచును వడగట్టి తింటుంది. దానికి వేరే మేత వేయనక్కరలేదు గాని నీరు పచ్చగా ఉండునట్లు ఎరువు, సున్నము సరిచూడవలెను. బొచ్చె, శీలావతి చేపలతో కలిపి పెంచవచ్చును.

రెండు హెచ్చరికలు. ఆల్చిప్పలకు మైలుతుత్తము మహా విషము. మందులు చల్లిన వరి మడి నుండి నీరు దిగే చెరువు ఈ సాగుకు పనికిరాదు. రెండవది, కాలువలోని ఆల్చిప్పలన్నింటిని ఊడ్చి తెచ్చుకొనకూడదు. ఆల్చిప్ప పిల్ల కొంతకాలము చేప మొప్పలకు అంటుకొని బ్రతికితే గాని పెద్దది కాదు. ఒకసారి తుడిచివేసిన చోట అవి మరల పెరుగుట చాల ఆలస్యము.

చెరువులో దిగకముందు

ఇక లెక్క చూడండి. 1,000 ఆల్చిప్పలకు బీజము పెట్టినారనుకొందాము. వానిలో 400 చచ్చినవని, మిగిలిన 600లో సగము వంకరగానో మచ్చలతోనో వచ్చినవని అనుకొందాము. అమ్మదగినవి 300. ఖర్చు వేయింటి మీద, ఆదాయము మూడు వందల మీద. ఈ అంకెలు లెక్క చేసే తీరు చూపుటకు మాత్రమే చెప్పినాను. మీ చెరువు అంకెలు వేరుగా ఉండవచ్చును. కాని "ఆల్చిప్పకు ఇంత లాభము, వేయి ఆల్చిప్పలకు వేయి రెట్లు" అని ఎవరైనా లెక్క కట్టి చూపితే అది సాగు లెక్క కాదని తెలిసికొనండి.

ఆల్చిప్పలు మేమే ఇస్తాము, ముత్యములు మేమే కొంటాము, ముందు ఇంత సొమ్ము కట్టండి అని వచ్చేవారున్నారు. అట్లు కట్టి మోసపోయిన రైతులు మన దేశములో పలుచోట్ల ఉన్నారు. అటువంటివారిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. వారి వద్ద నిరుడు ముత్యములు అమ్మిన రైతు ఎవరు? ఆయన చెరువు చూడవచ్చునా? ఏ నాణ్యతకు ఏ ధర అని కాగితము మీద వ్రాసి ఇస్తారా? ఆల్చిప్పలు చస్తే నష్టము ఎవరిది? సూటిగా జవాబు రాకపోతే సొమ్ము కట్టవద్దు. జిల్లా మత్స్యశాఖ అధికారిని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమును ముందు సంప్రదించండి. ఉత్సాహము ఉన్నవారు శిక్షణ పొంది, రెండు మూడు వందల ఆల్చిప్పలతో, చేపల చెరువులో ఒక మూల మొదలుపెట్టండి. చేపలే ప్రధాన పంటగా ఉండనివ్వండి. ఒక పంట తీసి, స్వయముగా పట్నములో అమ్మి, ధర చూచిన తరువాత పెంచవచ్చును. అప్పు తెచ్చి మాత్రము దిగవద్దు.

సోదరీమణులకు ఒక మాట. పిల్ల పెండ్లికి ముత్యాల దండ కొనుట ముచ్చటైన పనియే. కాని బంగారము అవసరమునకు తాకట్టుకు వస్తుంది; సాగుచేసిన ముత్యపు దండ మరల అమ్మబోతే కొన్న ధర రాదు. దానిని అలంకారముగా కొనండి, నిలువ ధనముగా కాదు. కొనేటప్పుడు రెండు ముత్యములను మెల్లగా ఒకదానితో ఒకటి రాయండి. అసలు పూత కొద్దిగా గరుకుగా తగులుతుంది, గాజు పూస జారిపోతుంది. ఇంటిలో నగలన్నీ పెట్టుకొన్న తరువాత చివరకు ముత్యాలు పెట్టుకొనండి. తీసేటప్పుడు ముందు అవి తీయండి. స్నానమప్పుడు, వంటయప్పుడు వద్దు. మెత్తని గుడ్డతో తుడిచి దాచండి.

పొలములో పండే గింజకు ఆకలి ఉన్నంతకాలము విలువ ఉంటుంది. ముత్యమునకు విలువ ఇచ్చేది మనుషుల కోరిక, దాని అరుదుతనము. ఈ రెండూ మారుతవి. ఆ సంగతి తెలిసి, లెక్క మీ చేతిలో ఉంచుకొని చేస్తే ముత్యాల సాగు ఒక మంచి ఉపవృత్తి కాగలదు. తెలియక చేస్తే, ముత్యము కోసము సముద్రములో మునిగినవాని గతియే చెరువు ఒడ్డున కూర్చున్నవానికీ పడుతుంది. చిప్పలో బీజము పెట్టకముందు మీ ఖాతా పుస్తకములో మొదటి పుట వ్రాసికొనండి.